స్టీరింగ్‌కు వేలాడిన ఇత్తడి బిళ్ళ

ఇరవై ఏళ్ళకు పైగా కోలారు జిల్లా వార్తలు రాసి బతికాను. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏం జరిగింది. అంతే. రాసేవాడి కోపం చదివేవాడికి అక్కర్లేదని మొదటి నెలలోనే నేర్పించారు. నేను బుద్ధిగా నేర్చుకున్నాను. మామిడి లోడు బోల్తా పడినా, పట్టుగూళ్ళ ధర పడిపోయినా, చివరికి బంగారు గనులే మూతపడినా, కోపాన్ని గడప బయట చెప్పుల పక్కన వదిలి వచ్చి రాశాను. ఇది మాత్రం అట్లా రాయలేను. రెండుమూడు సార్లు మొదలుపెట్టి చించేశాను. కోపం తీసేస్తే ఇందులో మిగిలేది ఒక పాత కారు. దాని గురించి చదవాల్సిన ఖర్మ ఎవరికీ లేదు.

మాది అంబాసిడర్. కొన్నప్పుడు తెల్లగా ఉండేది, అప్పటికే మా కంటే ముందు ఇద్దరు వాడిన బండి. నాన్న, నేను కలిసి కొన్నాం. నాన్న కుప్పం పక్క పల్లె నుంచి వచ్చి, గనులు సర్కారు చేతికి వెళ్ళిన తరవాత లోపలి పనిలో చేరినవాడు. రాయి తొలిచే మిషను పట్టాడు. రిటైరయ్యేసరికి ఊపిరితిత్తుల నిండా రాతిపొడి.

రాతిపొడి పట్టిన మనిషి పడుకోలేడు. వెనక్కి వాలి కూర్చోలేడు. ముందుకు వంగి, మోచేతులు దేనిమీదైనా ఆనించి, భుజాలు పైకి లేపితే కాస్త గాలి లోపలికి పోతుంది. ఊరిగాంలో గని కూలీల ఇళ్ళ వరుసలను లైన్లు అంటారు, ఆ లైన్లలో సాయంత్రం ఏ గడప ముందు చూసినా ఒక మనిషి మోకాళ్ళ మీద మోచేతులు పెట్టుకుని అట్లా కూర్చుని ఉండేవాడు. కొత్తగా వచ్చినవాళ్ళకు ఏదో ఆలోచిస్తున్నట్టు కనబడేవాడు. ఆలోచన కాదు, గాలి పీల్చుకుంటున్నాడు. లోకంలోని కార్లన్నీ వెనక్కి వాలే మనుషుల కోసం చేసినవి. నాన్నను ఆసుపత్రికి తీసుకుపోవాలంటే సీటు అంచున కూర్చోబెట్టి, ఎవరో ఒకరు వెనక నుంచి నడుం పట్టుకోవలసి వచ్చేది.

పక్క లైనులో నాన్న స్నేహితుడు ఒకాయన ఉండేవాడు. గని వర్క్‌షాపులో ఫిట్టరు. రక్తసంబంధం లేదు గానీ నాకు మామ. ఒక ఆదివారం వచ్చి, నాన్నను కుర్చీలో కూర్చోబెట్టి, టేపుతో ఛాతీ ఎత్తు, మోచేతి పొడవు కొలుచుకున్నాడు. "ఏందిరా, నాకు శవపెట్టె చేస్తా ఉండావా?" అని నాన్న నవ్వాడు. మామ నవ్వలేదు. వారం తిరిగేసరికి డ్రైవరు పక్క సీటు జానెడు పైకి లేచింది, దాని వీపు గోడలా నిటారుగా అయింది. సీటు ముందు, ఛాతీ ఎత్తున, ఒంపు తిప్పిన ఇనప పైపు ఒకటి అడ్డంగా వచ్చింది. దానిమీద సైకిల్ ట్యూబు, ట్యూబు మీద పాత పంచె గుడ్డ చుట్టాడు. నాన్న ఎక్కి, పైపు మీద చేతులు వేసి, తల ఆనించి, చాలాసేపు అట్లాగే ఉండిపోయాడు. "పదరా, బూదికోట దాకా పోయొద్దాం" అన్నాడు. అక్కడ మాకు పనేమీ లేదు. పోయి, కోట చూసి, వచ్చాం.

తరవాతి ఏళ్ళలో పెట్రోలు ఇంజను తీసి డీజిలుది ఎక్కించాం. ఎడమ తలుపు గేటులా పూర్తిగా తెరుచుకునేట్టు మామే మార్చాడు. బండి తిరిగిన దూరం చూపే మీటరులో అంకెలు ఐదే. లక్ష నిండితే అన్నీ సున్నాలు. మొదటిసారి సున్నాలు పడినప్పుడు నా భార్య గోళ్ళ రంగు తెచ్చి డ్యాష్‌బోర్డు మీద ఎర్ర చుక్క పెట్టింది. నాన్న పోయేనాటికి రెండు చుక్కలు. మూడోది ఆయన చూడలేదు.

నాన్న పోయాక ఆ సీటు ఖాళీగా ఉండలేదు. పొద్దున్నే తలుపు కొట్టేవాళ్ళు. "అప్పా, కారుండాదా? మాయన్నకు ఆయాసం." నేను వార్తకు పోవలసిన రోజైతే వార్తే ఆగేది. ఆ పైపు మీద ఎంతమంది తల ఆనించారో చెప్పలేను. గుడ్డ చెమటకు నల్లబడితే మామ వచ్చి మార్చేవాడు. ఎవరినీ అడగడు, ఎవరికీ చెప్పడు.

గనులు మూతపడ్డ తరవాత మూడో వేసవిలో నంగలి దగ్గర ఎత్తు ఎక్కుతుండగా ఇంజను పట్టేసింది. ఆవిరి, మాడిన నూనె వాసన, ఒక పెద్ద చప్పుడు, తరవాత నిశ్శబ్దం. టమాటా బుట్టలు దించి వస్తున్న ట్రాక్టరుకు తాడు కట్టించుకుని ముళబాగిలు దాకా, అక్కడి నుంచి ఇంకో లారీ వెనక ఇంటిదాకా వచ్చాను. దారి పొడుగునా ఆ లారీ పొగ తింటూ, చచ్చుబడ్డ స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాను. అప్పుడే మొదలైంది నా కోపం. అయితే అప్పటికి అది బండి మీద.

ఆ వారం ఇంటికి వచ్చిన ప్రతివాడూ ఒకటే మాట. అందరికంటే గట్టిగా అన్నవాడు మా చెల్లెలి భర్త, బెంగుళూరులో ఉద్యోగం చేసేవాడు.

"బావా, ఇంగ చాలు. దాన్ని తూకానికి వేసెయ్. చిన్న కారొకటి తీసుకో."

"ఆ సీటు?"

"ఏ సీటు?"

"ముందుది. పైపుండేది."

"అయ్యో బావా, నీకు ఆయాసమా? మీ నాయన పోయి ఎన్నేండ్లాయ! ఊరోళ్ళ ఆయాసానికంతా నువ్వు కారు పెట్టుకోవల్నా?"

నోటికొచ్చిన జవాబు చెప్పి ఉంటే చెల్లెలు మా ఇంటికి రావడం మానేసి ఉండేది. అయినా, అతని మాటే సరేమో తెలుసుకోవాలని, అతనితోనే బెంగుళూరు పోయి ఒక షోరూములో కొత్త కారు చూశాను. వార్తలు రాసేవాడి అలవాటు అది, రెండో పక్షం కూడా వినాలి. మెడకు టై కట్టిన కుర్రవాడు సీటు మీట లాగి వెనక్కి పడుకోబెట్టి చూపించాడు. ఎంత వెనక్కైనా వాలుతుంది సార్, అన్నాడు. ముందుకు వాలడానికి పైపు బిగించవచ్చా అని అడిగాను. ఒకసారి నన్ను, ఒకసారి మా బావను చూశాడు. "అంతా ప్లాస్టిక్కు సార్, బోల్టు వేస్తే పగిలిపోతుంది. దేనికి సార్ అది?" అన్నాడు. దేనికో చెప్పాను. అతని ముఖంలో జాలి కనబడింది. జాలి చూస్తే నాకు ఇంకా మండింది.

కోలారులో ఇద్దరు మెకానిక్కులు బానెట్ ఎత్తి, మూసి, తల అడ్డంగా ఊపారు. ఒకడు మాత్రం నోరు విప్పాడు: "సర్, ఇదు స్క్రాప్." కన్నడంలో ఆ మాట మా ఊళ్ళో అప్పటికి మూడేళ్ళుగా వింటూనే ఉన్నాం. గని మీద అన్నా, గని మనుషుల మీద అన్నా అదే గొంతు, అదే తల ఊపడం. నేను ఆ మాటను శీర్షికల్లో కూడా వాడాను. అప్పుడు అది నన్ను తాకలేదు. ఆ సంగతి తలచుకుంటే నా మీదే కోపం వస్తుంది.

చివరికి మామే వచ్చాడు. నేను పిలవలేదు. ఆయనకు అప్పటికే మెట్లెక్కితే ఆయాసం వచ్చేది, పిలవడానికి నాకు నోరు రాలేదు. వచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగి, నేలమీద మోకాళ్ళు ఆనించి కిందికి చూసి లేచాడు.

"యాడికి పోయినావు అల్లుడా, బెంగుళూరుకా? పెండ్లిచూపులకా?"

"ఊరికే పోయినాను మామా."

"పిల్ల నచ్చిందా?"

"లేదు."

"ఇంగ నోరు మూసుకోని బండిని మా ఇంటికాడికి తోయించు. మూడు వాసాలు, చైన్ బ్లాకు నేను తెస్తా. పని అయ్యేదాకా నువ్వు గాని, నీ నాయన లేచొచ్చినా గాని, బండి మీద చెయ్యి పెట్టకూడదు."

బండి మామ ఇంటి ముందు రేకుల పందిరి కిందికి చేరగానే ఆయన జేబులోంచి తన ఇత్తడి బిళ్ళ తీసి, రాగి తీగతో స్టీరింగ్‌కు కట్టాడు.

ఆ బిళ్ళ సంగతి చెప్పాలి. గనిలో పనిచేసే ప్రతి మనిషికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఉండేది. దిగేముందు బోర్డు మీది మేకు నుంచి తీసుకోవాలి, పైకి వచ్చాక మళ్ళీ తగిలించాలి. మేకు ఖాళీగా ఉందంటే మనిషి ఇంకా లోపలే. కింద రాయి పగిలి లైన్లలో గిన్నెలు అదిరినప్పుడల్లా ఆడవాళ్ళు పొయ్యి మీది ఎసరు వదిలేసి, ఏ మేకు ఖాళీగా ఉందో చూడడానికి ఆ బోర్డు దగ్గరికి పరుగెత్తేవాళ్ళు. మా అమ్మ పరుగెత్తింది, మామ భార్య అత్త పరుగెత్తింది. ఫిట్టర్లకు ఆ బిళ్ళతో ఇంకో పని. పంపులోనో, మనుషుల్ని, రాయిని పైకి లాగే వించిలోనో చెయ్యి పెట్టేముందు దాని స్విచ్చుకు తన బిళ్ళ కట్టాలి. బిళ్ళ ఉన్నంతసేపు ఆ మిషను ఎవడూ నడపకూడదు. కట్టిన చెయ్యే విప్పాలి. మేనేజరు వచ్చి అరిచినా సరే, ఫిట్టరు టీకి పోయి ఉంటే టీ తాగి వచ్చేదాకా ఆగవలసిందే. ఆ పద్ధతి వల్ల వేళ్ళు మిగిలినవాళ్ళు, పాటించక పోగొట్టుకున్నవాళ్ళు, ఇద్దరూ మా లైన్లలో పక్కపక్క ఇళ్ళలో ఉండేవాళ్ళు. గనులు మూసినప్పుడు బిళ్ళలు తిరిగి ఇమ్మన్నారు. మామ తనది పోయిందని రాసి ఇచ్చి, జేబులో పెట్టుకుని వచ్చాడు.

మూడు నెలలు పట్టింది. మూడు వాసాలు నిలబెట్టి, చైనుతో ఇంజను పైకి లేపి, పాత తలుపు చెక్క మీద దించాడు. లోపలి ముక్కలు ఒక్కొక్కటీ కడిగి, ఏది ఏ వరుసలో వచ్చిందో ఆ వరుసలోనే పాత పేపర్ల మీద పరిచాడు. పేపర్లు మావే, నా వార్తల మీద నా పిస్టన్లు. అరిగిన క్రాంకును బంగారపేటలో లేతు మిషను ఉన్నవాడి దగ్గరికి నా చేతే మోయించాడు. వాల్వులకు పేస్టు పూసి, కర్రను అరచేతుల మధ్య పెట్టి, మజ్జిగ చిలికినట్టు గంటలు గంటలు తిప్పేవాడు. పది తిప్పులు, ఆగి ఊపిరి, పది తిప్పులు. నేను చేస్తానంటే కర్ర ఇచ్చేవాడు కాదు.

"నీకు సప్పుడు తెలీదు. పేస్టు అరిగేకొద్దీ సప్పుడు మారతాది. నువ్వు పేపరోడివి, నీకు మనుషులు అరిస్తేనే వినపడతాది."

అత్త గడప మీద కూర్చుని రాగులు చెరుగుతూ వినేది. "మొగుడికి కొత్త పెండ్లాం దొరికినాది. దానికి నూనె పూసే దాంట్లో సగం నా మోకాళ్ళకు పూసుంటే నేను తిరపతి నడిచి పోయొచ్చుందును" అనేది.

"నిన్ను విప్పితే మళ్ళా బిగించేది నాకు రాదే" అనేవాడు మామ.

అడుగున తుప్పు తిన్న రేకు కోసి, నూనె డ్రమ్ము రేకు కొట్టి చదును చేసి అతికించాడు. ఆషాఢం వచ్చేసరికి ఇంజను బండిలోకి ఎక్కింది. ఒక సాయంత్రం నన్ను పిలిచి, తనే తాళం తిప్పాడు. మొదట తెల్ల పొగ, రెండు దగ్గులు, తరవాత ఇంజను ఒకే తీరుగా ఆడింది. పక్కింటి పెద్దాయన, గనిలో వించి నడిపినవాడు, కళ్ళు మూసుకుని విన్నాడు. "మాట్లాడతా ఉండాదప్పా" అన్నాడు.

నేను తాళానికి చెయ్యి చాపాను.

"ఆగు. పైపుకు గుడ్డ చుట్టల్ల. పాత ట్యూబు ఎండిపోయినాది, కొత్తది తెస్తా. రేపు అయిపోతాది. ఎల్లుండి నా చేత్తో బిళ్ళ తీసి ఇస్తా, తోలుకోని పో."

ఇంజను ఆపి, తాళం దానికే ఉంచి, దిగాడు. బిళ్ళ స్టీరింగ్ మీదే ఉంది.

మర్నాడు పొద్దున పదకొండు గంటలకు గాలి లేచింది. ఆషాఢంలో గని రాతిపొడి పోసిన సైనైడ్ దిబ్బల మీది నుంచి లేచే గాలి మా ఊరివాళ్ళకు చెప్పనక్కర్లేదు. బియ్యంలో పొడి, నీళ్ళలో పొడి, కళ్ళలో పొడి. ట్యూబు తేవడానికి బయలుదేరిన మామ వీధి చివరి దాకా పోయి, గోడ పట్టుకుని నిలబడిపోయాడట. ఇద్దరు పాత గని మనుషులు పట్టుకుని ఇంటికి తెచ్చారు. నాకు కబురు వచ్చేసరికి ఆయన కుర్చీలో ముందుకు వంగి ఉన్నాడు. పెదాలు నేరేడుపండు తిన్నట్టు ఉన్నాయి. మాట లేదు. కళ్ళు మాత్రం ఎవరిమీదో కోపంగా ఉన్నట్టు పెద్దవై ఉన్నాయి.

ఆక్సిజన్ ఖాయంగా దొరికేది కోలారులోనే. ముప్పై కిలోమీటర్ల దారి. వీధి మూలన ఆటో ఉంది గానీ ఆటోలో ముందు ఆనడానికి ఏమీ ఉండదు, పైగా నాలుగు పక్కల నుంచీ పొడి. నేను పందిరి కిందికి పరుగెత్తి, బండి తలుపు తీసి కూర్చున్నాను. తాళం ఉంది. డీజిలు ఉంది. ఇంజను నిన్ననే తిరిగింది. ఎడమ పక్క నిటారు సీటు, పైపు, అన్నీ ఉన్నాయి.

నా చెయ్యి తాళం దాకా పోయి ఆగింది.

పక్కింటి పెద్దాయన కిటికీ దగ్గరికి వంగాడు. "తాకద్దప్పా. ఆయన బిళ్ళ ఉండాది."

"మామకు ఊపిరాడలేదు పెద్దాయనా!"

"అది నాకు కనపడలేదా? ఏంటికి కట్టినాడో మనకు తెల్సా? బ్రేకు విప్పినాడేమో. యాడన్నా నట్టు బిగించకుండా పెట్టినాడేమో. పోయి అడుగు."

"ఆయన మాట్లాడలేడు."

"తలకాయ ఊపుతాడు. అడుగు."

నేను దిగి, లోపలికి పోయి అడిగాను. గుడ్డి నమ్మకాల మీద వారం వారం రాసినవాణ్ణి. బిళ్ళ అన్నది ఇత్తడి ముక్క అని తెలిసినవాణ్ణి. పైపుకు గుడ్డ తప్ప ఇంకే పనీ మిగల్లేదని ముందురోజు నా చెవులతో విన్నవాణ్ణి. అయినా దిగి పోయి, ఊపిరి అందని మనిషి ముందు వంగి, "మామా, బిళ్ళ తీద్దునా?" అని అడిగాను. ఆయన తల ఊపాడు. ప్రతి ఊపిరికీ ఆయన తల ఊగుతూనే ఉంది. అవుననో కాదనో ఎట్లా తెలుస్తుంది? గనిలో పనిచేసిన ముసలివాళ్ళు ముగ్గురు, గనికి పుట్టిన నేను, నలుగురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఎవడో అన్నాడు: "కుర్చీతో ఎత్తి బండికాడికి తీసుకుపోదాం. ఆయన చేత్తోనే తీయిద్దాం."

అందరికీ అది సబబుగా తోచింది! నాకూ తోచింది. అంత మర్యాదగల మూర్ఖత్వం లోకంలో ఇంకెక్కడైనా ఉంటుందా?

కుర్చీతో ఎత్తాం. డ్రైవరు తలుపు పక్కన దించాం. మామ చెయ్యి ఎత్తాడు. వేళ్ళు తీగ దాకా పోయి, మెలి మీద జారాయి. మళ్ళీ పోయి జారాయి. తను కట్టిన కట్టు అంత గట్టిది. ఆయన వేలికి నా వేలు సాయం పెట్టవచ్చు. పెట్టలేదు. ఎవరమూ పెట్టలేదు. గాలికి రేకులు కొట్టుకుంటున్నాయి. పెద్దాయన మెల్లగా అంటున్నాడు: "నిదానం... ఎడమకు తిప్పప్పా... ఎడమకు..."

వెనక నుంచి అత్త వచ్చింది. లోపల మామ చొక్కా, మందుల కవరు సర్దుకుని వస్తున్నట్టుంది. ఒక్క క్షణం మా నలుగురినీ, ఆ చేతినీ చూసింది. తరవాత భుజంతో నన్ను పక్కకు తోసి, బండిలోకి వంగి, బిళ్ళను పిడికిట్లో పట్టి ఒక్క గుంజు గుంజింది. తీగ తెగింది. వేలు కూడా తెగింది.

"ముప్పై రెండేండ్లు ఈ బిళ్ళ యాడుండాది యాడుండాది అని చూస్తానే బతికినా. నేల అదిరితే బోర్డుకాడికి పరిగెత్తినా. ఇంగ ఇది నాకు చెప్పల్నా, నా మొగుడు పోవచ్చునో లేదో? నువ్వేందప్పా, పేపరులో లోకానికంతా బుద్ధి చెప్తావే! ఎక్కు! తోలు!"

ఆమె చేతిలో బిళ్ళ ఏమైందో అప్పుడు ఎవరూ చూడలేదు. మామను ఎడమ సీట్లోకి ఎక్కించాం. గుడ్డ లేని ఒట్టి ఇనప పైపు మీద చేతులు వేసుకుని, నుదురు ఆనించాడు. అత్త వెనక కూర్చుంది. తాళం తిప్పితే ఇంజను ఒక్క మాటకే అందుకుంది.

బంగారపేటలో రైలు గేటు పడి ఉంది. గూడ్సు. నేను స్టీరింగ్ మీద గుద్దుతూ పెట్టెలు లెక్కపెడుతున్నాను. పక్కన మామ ఊపిరి రంపం కోస్తున్నట్టు వినబడుతోంది. అంతలో ఆయన చూపుడు వేలు పైపు మీద కదిలింది. టక్, టక్, టక్. నాకు భయం వేసింది, ఏదో అడుగుతున్నాడేమోనని. అది కాదు, ఇంజను చప్పుడుకు దరువు వేస్తున్నాడు. ఒకచోట వేలు ఆగింది, ముఖం చిట్లించాడు. ఏదో ఒక ట్యాపెట్ చప్పుడు ఆయనకు నచ్చలేదు.

ఆసుపత్రిలో మాస్కు పెట్టి, ఇంజెక్షను ఇచ్చి, సాయంత్రానికి ఒడ్డున వేశారు. ఇంకొంచెం ఆలస్యమైతే అని డాక్టరు మొదలుపెట్టి, నా ముఖం చూసి ఆపేశాడు. ఎంత ఆలస్యం చేశామో, ఎందుకు చేశామో ఆయనకు చెప్పడానికి నాకు సిగ్గేసింది. పావుగంట. రోడ్డు బాగాలేక కాదు, బండి చెడి కాదు. ఒక పద్ధతి వల్ల. ఆ పద్ధతి మంచిదే కావడం నా కోపాన్ని ఇప్పటికీ తిన్నగా ఒకచోట నిలవనివ్వదు.

మాస్కు తీసిన తరవాత మామ అన్న మొదటి మాట: "ఎవురు తీసినారు?"

"నేనే" అంది అత్త. "ఏం, ఉద్యోగం పీకేస్తావా?"

ఆయన నా వైపు తిరిగాడు. "నువ్వు నిలబడి చూస్తా ఉండినావా?"

దాన్ని ఏ అర్థంలో అడిగాడో నాకు తెలియలేదు. తియ్యనిచ్చినందుకా, తియ్యనందుకా? అడిగే ధైర్యం లేకపోయింది. అవునని మాత్రం అన్నాను. ఆయన గోడ వైపు తిరిగి, దిండు మీద మోచేతులు వేసుకున్నాడు.

తొమ్మిదో రోజున ఇంటికి తెచ్చాం. అదే బండి, అదే సీటు. దిగీ దిగగానే పందిరి కింద నేలమీద వెతకడం మొదలుపెట్టాడు. బిళ్ళ కోసం. కంకర పక్కకు తోసి చూశాడు, మోరీలో పుల్ల పెట్టి చూశాడు. పక్కింటి పెద్దాయన కూడా చేరాడు. ఇద్దరు ముసలివాళ్ళు నాలుగు రోజులు ఆ వాకిలి జల్లెడ పట్టారు. దొరకలేదు. "బిళ్ళ నా చేత్తో తియ్యలేదు. పని అప్పగించినట్టు కాదు" అన్నాడు మామ. పైపుకు గుడ్డ చుట్టనన్నాడు. తెచ్చిన కొత్త ట్యూబు పందిరి మేకుకు వేలాడుతూనే ఉంది.

బెంగుళూరు నుంచి మా బావ ఫోను చేశాడు. ఇంత జరిగినాక అయినా కొత్తది తీసుకో, ఈసారి మంచి డిస్కౌంటు ఉండాది, అన్నాడు. ఏమన్నానో రాయను. చెల్లెలు ఆరు నెలలు మా ఇంటికి రాలేదు.

ఆ ఫోను వచ్చిన వారంలోపు ఇంకో లైను నుంచి కబురు వచ్చింది, ఒకాయనకు ఆయాసం. పైపు ఒట్టిగా ఉంది కదా అని నా భార్య పాత లంగా గుడ్డ చించి, తనకు తోచినట్టు చుట్టింది. కోలారు పోయి వచ్చేసరికి అది సగం ఊడి వేలాడుతోంది. వచ్చేదారిలో అత్తకు మందులు ఇవ్వడానికి మామ ఇంటి ముందు ఆపాను. అత్త గడప మీద ఉంది. చిల్లర ఇవ్వడానికి రొండిన దోపుకున్న చిన్న సంచి విప్పింది. నాణేల మధ్య ఇత్తడి అంచు మెరిసింది. ఆమె చూపు, నా చూపు కలిశాయి.

గొంతు తగ్గించి అడిగాను. "ఆయన నాలుగు దినాలు మోరీలో చెయ్యి పెట్టి వెతికినాడు అత్తా. ఏంటికి ఇయ్యలేదు?"

"ఇస్తే ఇంగొకదానికి కడతాడు" అంది. సంచి మూసి రొండిన దోపుకుంది. "ఈసారి కట్టేది నాకే కడతాడేమో, నేనూ లేచి నడవకుండా. సుమ్నే నోరు మూసుకోని ఉండు."

నాకు ఆమె మీద కూడా కోపం వచ్చింది. అంతలోనే, ఆ బిళ్ళ ఉండవలసిన చోటు అదేనేమో అనిపించింది.

మామ లోపల నుంచి వచ్చాడు. తెరిచిన తలుపులోంచి వేలాడుతున్న గుడ్డ చూశాడు.

"ఎవురు సుట్టింది ఇది? కట్టు కట్టినారా, గోచీ పెట్టినారా?"

"మా ఇంట్లో ఆమె."

"పేషెంటు మొగానికి తగల్లేదా ఈ ముడి?" విదిలించి పీకేశాడు. మేకు నుంచి ట్యూబు తీసుకున్నాడు. సీటు మీద ఒక మోకాలు ఆనించి, చివర నుంచి ట్యూబు చుట్టడం మొదలుపెట్టాడు. పది చుట్లు, ఆగి ఊపిరి, పది చుట్లు. దానిమీద పంచె గుడ్డ. ముడి లోపలి వైపుకు తోసి, బొటనవేలితో నొక్కాడు. మధ్యలో రెండుసార్లు స్టీరింగ్ వైపు, తెగిన రాగి తీగ ముక్క ఇంకా చుట్టుకుని ఉన్న చోటికి చూశాడు. గడప మీద అత్త కదలకుండా కూర్చుంది.

"ఇది అప్పగించినట్టు కాదు" అన్నాడు దిగుతూ. "ఆ మూడో ట్యాపెట్ ఇంగా సరిగా లేదు. స్టార్ట్ చెయ్, విందాం."